మృగశిర రాకముందే కాగితం సిద్ధం చేసుకోండి

రోహిణి కార్తె ఎండలు సయనోటైప్ (రసాయనం పూసిన కాగితం మీద ఎండతో నీలి బొమ్మ ముద్రించే పద్ధతి) వేసేవాళ్లకు బాగా కలిసొస్తాయి. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు మనకు టెన్షన్ మొదలయ్యేది మృగశిరతోనే. గాలిలో తేమ చేరాక సైజింగ్ (కాగితానికి పట్టించే జెలటిన్) పెడితే కాగితం సరిగ్గా ఆరదు, బూజు పడుతుంది. వానాకాలానికి సరిపడా కాగితం ఇప్పుడే తయారుచేసి పెట్టుకోండి.

పోగు తెగకుండా పోచంపల్లి, పుట్టపాక నేతన్నలు పడుగుకు గంజి పెడతారు. మనం రసాయనం కాగితం లోపలికి ఇంకిపోకుండా జెలటిన్ పట్టిస్తాం. చేతితో చేసిన కాగితం మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలిస్తే సైజింగ్ ఉన్నట్టు. వేసిన వెంటనే పీల్చేసుకుని వెనకవైపు తడి మరక తేలితే సైజింగ్ చాలనట్టే. అలాంటి కాగితం మీద నీలం మసకగా దిగి, కడిగేటప్పుడు సగం కొట్టుకుపోతుంది. లీటరు చల్లటి నీళ్లలో 20 నుంచి 25 గ్రాముల జెలటిన్ అరగంట నానబెట్టి, గోరువెచ్చగా కరిగించండి. మరిగించకూడదు, మరిగితే పట్టు పోతుంది. కాగితం ముంచి తీసి, క్లిప్పుతో వేలాడదీసి, పూర్తిగా ఆరనివ్వండి.

దానికంటే ముందు కాగితంలో సుద్ద ఉందేమో చూసుకోండి. ఒక మూల వెనిగర్ చుక్క వేస్తే నురగ వస్తే ఉన్నట్టే. సుద్ద క్షారం, నీలాన్ని తినేస్తుంది. ఆ కాగితం ఈ పనికి వాడకపోవడమే మేలు.

ఇక కాగితం మీద పూసే రసాయనం. ఫెర్రిక్ అమోనియం సిట్రేట్ 25 గ్రాములు, పొటాషియం ఫెర్రిసైనైడ్ 10 గ్రాములు, విడివిడిగా 100 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి వేరువేరు సీసాల్లో ఉంచండి. పూసే రోజే, అవసరమైనంత మాత్రమే సమపాళ్లలో కలపండి. ముసురు పట్టిన రోజుల్లో పూసిన కాగితాన్ని మర్నాటికి దాచకండి. పసుపుపచ్చగా ఉండాల్సిన పూత చీకట్లోనే నీలంగా తిరుగుతుంది. కుంచెకు ఇనప పట్టీ ఉంటే తుప్పు తగిలి నీలి చుక్కలు పడతాయి. ఫెర్రిసైనైడ్‌కు ఘాటు యాసిడ్ తగలనివ్వకండి, విషవాయువు వస్తుంది. వంట గిన్నెలు ఈ పనికి వాడొద్దు, చేతులకు గ్లౌజులు వేసుకోండి.

ఇక నీళ్ల సంగతి. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునే మన బోరు నీళ్లు ఎంత గట్టివో చెప్పక్కర్లేదు. ఒకసారి ఆకుల బొమ్మలున్న ముదురు నీలం ప్రింటును రాత్రంతా బోరు నీళ్లలో వదిలేశాను. పొద్దున చూస్తే ఆకుల అంచులన్నీ వెలిసి, బూడిద రంగులో ఉన్నాయి. అప్పటి నుంచి మొదటి కడుగుడు నీళ్లలో లీటరుకు చిటికెడు నిమ్మ ఉప్పు వేస్తున్నాను, పది పదిహేను నిమిషాలకు మించి నానబెట్టడం లేదు. చివరి కడుగుడుకు వాన నీళ్లే వాడతాను. మొదటి వానకు కప్పు మీది దుమ్ము పోనిచ్చి, ఆ తర్వాతి వాన పట్టుకుని, మూత ఉన్న డ్రమ్ములో ఉంచండి.