బత్తాయి ఆకు వడిలిందా? ముందు వేరు చూడండి

బత్తాయి, నిమ్మ తోటల్లో ఆకు పసుపెక్కినా, మధ్యాహ్నం వడిలినా మొదట గుర్తొచ్చేవి రెండే: మోటారు, యూరియా బస్తా. వేరు కుళ్లిన చెట్టుకు ఆ రెండూ చేటే. పైకి కనిపించే లక్షణం దాదాపు ఒకటే అయినా కింద కారణాలు నాలుగైదు ఉంటాయి. అవి తేలాలంటే తవ్వి చూడాల్సిందే.

తవ్వి చూడడం ఎలా

నీరు తీసుకునే పీచువేర్లు చాలావరకు పైనున్న రెండు అడుగుల మట్టిలోనే ఉంటాయి. మొదలు దగ్గర అవి తక్కువ. మిట్ట మధ్యాహ్నం చెట్టు నీడ అంచు ఎక్కడ పడుతుందో అక్కడ, రెండు వైపులా, జానెడు నుంచి అడుగు లోతు వరకు చిన్న పారతో మెల్లగా తీయండి. పిడికెడు పీచువేర్లు బకెట్ నీళ్లలో జాడించి చూడండి. మంచి వేరు లేత గోధుమ రంగులో, కొస తెల్లగా ఉంటుంది. గోటితో గీరితే బెరడు గట్టిగా పట్టుకుని ఉంటుంది, వాసన మట్టి వాసనే. తర్వాత మొదలు చుట్టూ మట్టి తీసి అంటు కట్టిన చోటు, పెద్ద వేర్లు మొదలయ్యే చోటు కూడా చూడండి. పక్కనే ఉన్న మంచి చెట్టు వేరు కూడా తీసి పోల్చుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

మట్టి తడిగానే ఉంది, ఆకు మాత్రం వడిలింది

పీచువేరును రెండు వేళ్ల మధ్య లాగితే పైపొర తొడుగులా ఊడి, లోపల తెల్లటి దారం మిగిలితే అది ఫైటోఫ్తోరా అనే వేరుకుళ్లు తెగులు. మొదలు దగ్గర బెరడు పగిలి బంక కారుతుంటే అదే తెగులు పైకి పాకినట్టు. ఈ తెగులు బీజాలు నీళ్లలో ఈదుతాయి. అందుకే ఒక పాదు నుంచి ఇంకో పాదుకు నీరు పారించే తోటల్లో రోగం వరసలు వరసలుగా వస్తుంది.

ముందు నీళ్లు ఆపండి. కుళ్లిన బెరడును పదునైన కత్తితో, మంచి బెరడు కనిపించే వరకు గీకి, గీకిన ముక్కలు తోట బయట కాల్చండి. ఆ చోట బోర్డో పేస్టు పూయాలి: కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 5 లీటర్ల నీటిలో, కిలో సున్నం మరో 5 లీటర్లలో కలిపి, మైలుతుత్తం నీటిని సున్నపు నీటిలోకి పోస్తూ కలియబెట్టాలి. ప్లాస్టిక్ బకెట్లే వాడండి, ఇనుము వద్దు. శుభ్రమైన చాకును ముంచి తీస్తే ఎర్రటి పూత పడిందంటే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం కలపండి. కలిపిన రోజే వాడేయాలి. పాదులో మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2.5 గ్రాముల చొప్పున కలిపి, వేర్లున్న మేరంతా తడిసేలా పోయండి.

నీరు తగలడం మారకపోతే మందు ఎంత పోసినా వృథానే. పెద్ద చెట్లకు రెండు వలయాల పాదు చేయండి: మొదలు చుట్టూ రెండు అడుగుల మేర మట్టి ఎగదోసి కట్ట, నీళ్లు దాని బయటి వలయంలోనే. డ్రిప్ ఉంటే డ్రిప్పర్లు మొదలుకు దూరంగా, నీడ అంచు వైపు జరపాలి. నాటిన ఏడాది పెట్టిన చోటే పదేళ్లూ ఉంచేసిన డ్రిప్పర్లు చాలా తోటల్లో కనిపిస్తాయి.

వేర్లు నల్లబడి, కుళ్లిన గుడ్డు వాసన వస్తే మట్టిలో గాలి లేదు. రేగడి నేలల్లో వానాకాలం ఇది మామూలే. వరసల మధ్య రెండు అడుగుల లోతు కాలువ తీసి నీరు బయటకు పోయే దారి చూపండి. మట్టి ముద్ద పిడికిట్లో పొడిపొడిగా విడిపోయే దాకా తడి ఇవ్వొద్దు.

ఒక పక్క కొమ్మలు ఉన్నట్టుండి ఎండాయి, ఆకులు రాలలేదు

ఇది ఎండు వేరుకుళ్లు. ఎండే ముందు చెట్టు విపరీతంగా పూసి, చిన్న కాయలు గుత్తులుగా పట్టడం దీని ఆనవాలు. ఆ పూత చూసి సంబరపడొద్దు. ఎండిన కొమ్మ వైపే తవ్వి పెద్ద వేరు కోస్తే లోపలి కలప బూడిద, గోధుమ రంగుకు తిరిగి పొడిగా ఉంటుంది. దీనికి కారణమైన ఫ్యుజేరియం శిలీంధ్రం వేరు గాయాల్లోంచి దూరుతుంది. పాదుల్లో లోతుగా తిప్పిన రోటవేటర్, కాపు కోసం మరీ ఎక్కువ రోజులు బెట్టకు పెట్టడం (నీళ్లు ఆపి ఎండగట్టడం) దానికి తలుపు తీస్తాయి. బలహీనంగా ఉన్న చెట్టును ఆ ఏడాది బెట్టకు పెట్టకపోవడమే మేలు, కాయలు కూడా కోసేయండి.

ఎండిన వేర్లు, కొమ్మలు తీసేసి, కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని లీటరుకు 1 గ్రాము చొప్పున చెట్టుకు 20 నుంచి 30 లీటర్లు పోయండి. సగానికి పైగా వేర్లు పోయిన చెట్టు మీద ఖర్చు దండగ, తీసేయండి. చుట్టూ ఉన్న చెట్లను కాపాడుకోండి. వాటికి 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా (తెగులును అణిచే మేలుచేసే శిలీంధ్రం) కలిపి, నీడలో గోనెసంచులు కప్పి, తడి ఆరకుండా పదిహేను రోజులు మాగనిచ్చి, చెట్టుకు 5 కిలోల చొప్పున వేయండి. కార్బెండజిమ్ పోసిన పాదులో కనీసం పదిహేను రోజులు ఆగి వేయాలి. లేకుంటే మేలుచేసే శిలీంధ్రాన్ని మీ చేత్తోనే చంపినట్టు.

ఎరువు వేసినా ఏళ్ల తరబడి చిక్కిపోతోంది

పీచువేర్లు పొట్టిగా, లావుగా ఉండి, ఎంత జాడించినా మట్టి వదలకపోతే వేర్లను పట్టే నులిపురుగులు (నెమటోడ్లు) అనుకోవచ్చు. మట్టి, వేర్లు కలిపి ప్రయోగశాలకు పంపి ఖాయం చేసుకోండి. వేపపిండి వేస్తూ, వరసల మధ్య బంతి పెంచితే ఉధృతి తగ్గుతుంది.

వేర్లు బాగానే ఉండి, అంటు కట్టు మట్టిలో పూడి ఉందా? చెరువు మట్టి తోలినప్పుడు మొదలు వరకు పోయడం వల్ల వచ్చే తిప్పలు ఇవి. వెంటనే మట్టి తీసి అంటును బయటపెట్టండి, అది నేలకు జానెడు పైనే ఉండాలి.

చచ్చిన చెట్టు చోట మళ్లీ నాటాలంటే

పాత వేర్లన్నీ ఏరి, గుంతను ఎండాకాలమంతా తెరిచి ఉంచండి. వేరు భాగంగా వాడే నిమ్మ జాతుల్లో జంబేరి మీద కట్టిన అంటు కంటే రంగపూర్ నిమ్మ మీద కట్టింది ఎండు వేరుకుళ్లును బాగా తట్టుకుంటుంది. అలాగని నీరు నిలిచే పల్లంలో పెడితే అదీ పోతుంది.