చిత్తకార్తె ముందే చూసుకోండి: ఇంట్లో మగకుక్కా ఆడకుక్కా రెండూ ఉన్నవాళ్లకు

పోయిన నెలలో తెలిసినవాళ్లింట్లో లాబ్రడార్ ఈనింది. తల్లికి ఇంకా ఏడాది నిండలేదు. తండ్రి దాని తోడబుట్టినదే, రెండింటినీ ఒకే ఈతలోంచి తెచ్చుకున్నారు. అలాగని వాళ్లు పట్టించుకోని మనుషులు కాదు. ఆడది హీట్‌కి (ఎదకు) రాగానే పడకగదిలో పెట్టి పన్నెండు రోజులు కాపలా కాశారు. పదమూడో రోజు రక్తం కనపడలేదు. హమ్మయ్య అయిపోయిందనుకుని తలుపు తీశారు. పుట్టిన పిల్లల్లో మూడు దక్కలేదు. మిగిలినవాటికి ఇళ్లు వెతుకుతున్నాం.

వీధికుక్కలు ఎక్కువగా చిత్తకార్తె చుట్టుపక్కల, అంటే అక్టోబరు రోజుల్లో జతకడతాయి. ఇంటి కుక్కకు ఆ లెక్క లేదు. సుమారు ఆరేడు నెలలకోసారి, ఏ నెలలోనైనా హీట్‌కి రావచ్చు. అది ఈ కార్తెలోనే వచ్చిందంటే గేటు బయట ఒక గుంపు, గేటు లోపల మన మగకుక్క. గుంపుని చూసి అందరూ భయపడతారు. నేను చూసిన ఇళ్లలో ఎక్కువ కొంపలు ముంచింది మాత్రం లోపలున్నదే, అదీ రక్తం ఆగిందని తలుపు తీసిన రోజే.

హీట్ మొదట్లో, సుమారు తొమ్మిది రోజులు, రక్తం పడుతుంది. మగది దగ్గరికొస్తే ఆడది గుర్రుమంటుంది, కూర్చుండిపోతుంది. తర్వాత రక్తం పలచబడి లేత గులాబీ రంగులోకో గడ్డిరంగు నీళ్లలాగో మారుతుంది. సరిగ్గా అప్పుడే అండాలు విడుదలవుతాయి, తోక పక్కకు పెట్టి మగదాన్ని రానిస్తుంది. అంటే రక్తం తగ్గిందంటే అసలు ప్రమాదం మొదలైనట్టు. ఈ రోజుల లెక్క కూడా అన్ని కుక్కలకూ ఒకటి కాదు. ఒకటి ఐదో రోజుకే ఒప్పుకుంటుంది, ఇంకొకటి ఇరవయ్యో రోజు దాటాక. మగదాని వీర్యం ఆడదాని కడుపులో దాదాపు వారం బతికి ఉండగలదు కాబట్టి, "ఇవాళ రోజు కాదులే" అనే ధైర్యం పనికిరాదు.

అందుకే మొదటి చుక్క కనపడిన రోజు క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. అక్కణ్ణుంచి నాలుగు వారాలు రెండూ కలవకూడదు. నాలుగు వారాలయ్యాక కూడా వాపు పూర్తిగా తగ్గిందా, స్రావం పూర్తిగా ఆగిందా చూసి, అప్పుడు కలపండి. కొన్ని ఆడకుక్కలు ఎప్పటికప్పుడు నాక్కుని శుభ్రం చేసేసుకుంటాయి, మనకు చుక్క కూడా కనపడదు. హీట్ రావలసిన రోజులు దగ్గరపడ్డాక రోజూ పొద్దున తెల్లటి టిష్యూతో ఒకసారి తుడిచి చూడండి. మగది ఉన్నట్టుండి దాని వెనకాలే తిరుగుతుంటే రక్తం లేకపోయినా వేరు చేయండి.

ఒక తలుపు చాలదు. పనిమనిషో, పిల్లలో, బాత్రూంకి లేచిన పెద్దవాళ్లో ఎవరో ఒకరు తీస్తారు. రెండింటి మధ్య మూసిన తలుపులు రెండుండాలి, ఒకటి తీస్తే ఇంకోటి మూసి ఉండాలి. గ్రిల్లు, జాలీ తలుపు, కేజ్ ఏవీ లెక్కలోకి రావు, కమ్మీల సందులోంచి కూడా జతకట్టిన కుక్కలున్నాయి. వీలైతే మగదాన్నే ఆ నాలుగు వారాలు బంధువులింటికి పంపండి. వాసన తగలని చోట ఉంటే దానికీ ఆ అల్లాడిపోవడం తప్పుతుంది. ఇంట్లోనే ఉంటే ఏడుస్తుంది, తలుపు గీకుతుంది, ఒకట్రెండు పూటలు తిండి మానేస్తుంది. జాలిపడి "ఒక్క నిమిషం" అని తలుపు తీయకండి.

అన్నాచెల్లెళ్లు, తల్లీకొడుకులు అనే వరస కుక్కలకు లేదు. ఆరు నెలల మగపిల్ల కూడా తండ్రి కాగలదు, చిన్నదని వదలకండి. డైపర్ నేల పాడవకుండా ఉండడానికే, అది చించడానికి నిమిషం పట్టదు. మగదానికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయినా నెలన్నర దాకా నమ్మకండి, లోపల మిగిలిన వీర్యం ఉంటుంది.

ఆడదాన్ని డాబా మీద ఒంటరిగా వదలకండి. బయటికి బెల్ట్‌తోనే, పెద్దవాళ్లే తీసుకెళ్లాలి. రాత్రిపూట కూడా బెల్టే. గేటు కింద సందు ఈ వారమే మూయించండి. పండక్కి ఊరెళ్తూ రెండింటినీ వాచ్‌మన్‌కి అప్పజెప్పకండి. రక్తం ఆగిందా? తలుపు తీయకండి. పదిహేనో రోజా? తీయకండి. ఆడది హుషారుగా, మామూలుగా ఉందా? అయినా తీయకండి.

అవి జతకట్టి, విడిపోలేక ముడిపడి కనిపిస్తే లాగకండి, కొట్టకండి, నీళ్లు పోయకండి. రెండింటికీ లోపల గాయాలవుతాయి. ఆడదాన్ని కదలకుండా పట్టుకుని ఆగండి, అరగంట కూడా పట్టవచ్చు. ముడిపడకపోయినా కడుపు రావచ్చు. ఒకసారి జరిగిపోయింది కదా అని కాపలా మానకండి. హీట్ ఇంకా నడుస్తూనే ఉంటుంది, ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టగలరు. అదే రోజు వెటర్నరీ డాక్టర్‌కి ఫోన్ చేసి తేదీ చెప్పండి. మనుషుల మాత్రలు వేయకండి. ఎవరో చెప్పారని మెడికల్ షాపులో ఇంజెక్షన్ కొని పొడిపించకండి, కొన్ని హార్మోన్ ఇంజెక్షన్ల వల్ల గర్భసంచిలో చీము పట్టి ప్రాణం మీదికొస్తుంది. జతకట్టిన నాలుగు వారాలకు స్కానింగ్ చేయించండి. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ సంగతి అప్పుడే అడగండి. సుమారు 63 రోజులకు ఈనుతుంది, ఆలస్యమైనకొద్దీ తల్లికే కష్టం.

ఈసారి గట్టెక్కితే, హీట్ అయిన రెండు మూడు నెలలకు ఆడదానికి ఆపరేషన్ తేదీ ఇప్పుడే తీసుకోండి.