సూపర్‌వైజర్ పాఠాలు – 4: ‘మన’ ఎప్పుడు ‘వాళ్ళ’ అవుతుంది?

పోయిన పాఠంలో మీ దగ్గరికి ఎవరెవరు ఏ పని మీద వస్తున్నారో రాసుకోమన్నాను. ఈసారి రాసుకోవలసింది మీ మాటలు.

వానాకాలం కోతలప్పుడు మిర్యాలగూడ రైసుమిల్లుల ముందు సన్నధాన్యం ట్రాక్టర్లు బారులు తీరుతాయి. అలాంటి ఒక సీజనులో ఒక మిల్లులో దిగుమతి చూసేవాణ్ణి. హమాలీల కూలి రెండు వారాలు ఆగింది. అడిగినప్పుడల్లా “వాళ్ళు ఇవ్వలేదు, నన్నేం చేయమంటారు?” అనేవాణ్ణి. వాళ్ళంటే ఆఫీసు. ఎవరూ నన్ను తిట్టలేదు. పైగా మంచివాడన్నారు. నాకూ హాయిగానే అనిపించింది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం మబ్బు పట్టింది. ఆరుబయట ధాన్యం. “టార్పాలిన్లు కప్పండి, మన వడ్లు తడుస్తాయి” అని అరిచాను. ఒక పెద్దాయన తాపీగా లేస్తూ, “వాళ్ళ వడ్లే కదా సార్” అన్నాడు. నేను నేర్పిన మాటే అది.

సంస్థపై ఉద్యోగికి ఉండే బంధాన్ని మేయర్, అలెన్ అనే ఇద్దరు పరిశోధకులు 1991లో మూడు పాయలుగా విడదీశారు: ఇష్టం, వదిలితే నష్టమన్న లెక్క, ఉండాలన్న బాధ్యత. మనకిక్కడ కావలసింది ఇష్టం. 2010లో ఐసెన్‌బర్గర్ అనే మరో పరిశోధకుడి బృందం చూపినది ఇంకా ఆసక్తికరం. సూపర్‌వైజర్‌తో సఖ్యత ఉంటే సంస్థపైనా ఇష్టం పెరుగుతుంది. అతన్ని సంస్థకు ప్రతిరూపంగా చూసేవారిలో అది మరింత పెరుగుతుంది. నామీది అభిమానం మిల్లుదాకా చేరకపోవడానికి కారణం నేనే. దారి మధ్యలో గోడ కట్టాను.

ఇంగ్లీషులో లేని సౌకర్యం మనకుంది: ‘మా’ వేరు, ‘మన’ వేరు. హమాలీతో “మా మిల్లు” అంటే అతన్ని గేటు బయట నిలబెట్టినట్టే.

అయితే కూలి ఆపి “మన మిల్లు” అంటే వెక్కిరింతే. ముందు ఆఫీసులో గట్టిగా అడిగి తేదీ తెచ్చుకోవాలి. ఆ తర్వాతే, “మన దగ్గర లెక్క ఆలస్యమైంది, శనివారం ఇస్తున్నాం. రాకపోతే నన్నే అడగండి” అనాలి. కష్టమే. శనివారం తప్పితే మాట పడేది మీరు.

అభ్యాసం: నోటుపుస్తకంలో మూడు గడులు గీయండి: మన, మా, వాళ్ళ. వారం రోజులు మీరు ఏ మాట ఏ సందర్భంలో వాడారో రాయండి. బోనస్ రోజు ‘మన’, కూలి కోత రోజు ‘వాళ్ళ’ అని తేలితే కంగారుపడకండి, చాలామందికి అంతే. ఈ వారం మాట మార్చుకోవద్దు, రాయడం వరకే. ‘వాళ్ళ’ గడి ఒక్కటే నిండిపోయినవారు మాత్రం, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏమనేవారో గుర్తుచేసుకుని పక్కన రాసి ఉంచండి. అయిదో పాఠం అక్కణ్ణుంచే మొదలవుతుంది.