బింజ్ ఈటింగ్ చికిత్స: అద్దం ముందు ఎలా నిలబెట్టాలి?

ఆకలి లేకున్నా కడుపు నొప్పెట్టేదాకా, ఆపుకోలేక తినడం వారానికోసారైనా, మూడు నెలల పాటు జరిగితే అది బింజ్ ఈటింగ్. 2013లో డీఎస్ఎం-5 (అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే మానసిక జబ్బుల పుస్తకం) దీన్ని విడి జబ్బుగా చేర్చింది. అయినా ఇప్పటికీ కొందరు కౌన్సెలర్లు మొదటి రోజే డైట్ చార్ట్ చేతిలో పెడుతున్నారు. తన ఒంటిని తనే అసహ్యించుకునే మనిషి ఆ చార్ట్ చూసి పగలంతా పస్తుంటుంది, రాత్రికి వంటింట్లో దొరికిందల్లా తినేస్తుంది.

ముందు తిండి వేళలు కుదరాలి: మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు చిరుతిళ్లు. తర్వాత ఒక పనిరోజు, ఒక సెలవురోజు నోటుపుస్తకంలో రాయించండి. అద్దం ఎన్నిసార్లు చూశారు, నడుం ఎన్నిసార్లు పట్టి చూసుకున్నారు, ఏ ఫొటోకి తప్పుకున్నారు.

ఇక అద్దం. తన ఒంటిని అసహ్యించుకోకుండా, ఉన్నదున్నట్టు చూడటం నేర్పడానికే ఇది. అందరూ పాడుచేసేది ఇక్కడే.

వాంతులు చేసుకునేవాళ్లను, చనిపోవాలనిపిస్తోందనే వాళ్లను ఇప్పుడే అద్దం ముందుకు తేవద్దు. ముందు సైకియాట్రిస్టు చూడాలి. మిగతావాళ్లకైనా మొదటిసారి కౌన్సెలర్ పక్కనే ఉండాలి. నిలువుటద్దమే కావాలి. ఫోన్ కెమెరా నేను ఒప్పుకోను, దగ్గరగా పెడితే ముఖం ఆకారమే మారిపోతుంది.

పొట్టతో మొదలుపెట్టొద్దు. జుట్టు నుంచి పాదాల దాకా, ఏ భాగాన్నీ దాటేయకుండా, దేని దగ్గరా ఆగిపోకుండా చెప్పించండి. ఫోన్లో విని బొమ్మ గీసేవాళ్లకు చెప్పినట్టు రంగు, ఆకారం, గీతలు, మచ్చలు చెప్పాలి. ‘అసహ్యంగా ఉంది’ అంటే అది తీర్పు. ఆపి, ‘కంటికి ఏం కనిపిస్తోంది?’ అని అడగండి.

ఏడుపొస్తే వెంటనే అద్దం తిప్పేయకండి. టెన్షన్ పతాకస్థాయిలో ఉన్నప్పుడు తప్పించుకుంటే, అద్దమంటే ప్రమాదమనే మనసు నేర్చుకుంటుంది. కాస్త తగ్గేదాకా పక్కనే నిలబడండి. తనే చాలంటే మాత్రం బలవంతం వద్దు, వచ్చేవారం మళ్లీ చూడొచ్చు.

‘నువ్వు అందంగానే ఉన్నావమ్మా’ అని మాత్రం అనొద్దు. పెళ్లిళ్లలో ‘ఒళ్లు చేశావేంటి’ అనే అత్తయ్యలూ, అలా మెచ్చుకునే కౌన్సెలర్లూ చేసేది ఒకటే, ఒంటికి మార్కులు వేయడం. మార్కులే వద్దని కదా మన చికిత్స.

ఇంటిపనిగా, సన్నబడ్డాక వేసుకుందామని బీరువా అడుగున దాచిన డ్రస్సు తీయించండి. బిగుతైతే టైలర్ దగ్గర కుట్లు విప్పించుకుని ఈ ఆదివారమే వేసుకోమనండి.