నిద్రలో తేడా వస్తే ముందు చూడాల్సింది: ఎన్నింటికి?

నిద్ర బాగుండటం లేదని ఎవరైనా చెబితే నేను ముందు టైము అడుగుతాను. రాత్రి పన్నెండింటికి కేక వేసి లేవడం వేరు, తెల్లవారుజామున నాలుగున్నరకి కేక వేసి లేవడం వేరు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. లోపల జరిగేదీ వేరు, మనం చేయాల్సిందీ వేరు.

రాత్రంతా ఒకే రకం నిద్ర ఉండదు. సుమారు 90 నిమిషాలకు ఒక చుట్టు చొప్పున నాలుగైదు చుట్లు తిరుగుతుంది. మొదటి రెండు చుట్లలో గాఢనిద్ర ఎక్కువ. తెల్లారేకొద్దీ రెప్పల కింద కనుగుడ్లు గబగబా కదిలే నిద్ర పెరుగుతుంది. 1953లో చికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ ఈ దశ గురించి మొదట ప్రకటించారు. దీన్నే రెమ్ నిద్ర అంటారు. కథలా సాగే కలలు ఎక్కువగా ఇందులోనే వస్తాయి. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన పెద్దవాళ్లు అంటారు కదా, ఆ వేళకే ఎందుకంత విలువంటే అప్పటి కలలు పొడుగ్గా ఉంటాయి, ఆ వెంటనే లేస్తాం కాబట్టి గుర్తుంటాయి. నిజమవడం వేరే లెక్క.

నేను డాక్టర్ని కాను. గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో పదకొండేళ్లు షిఫ్టులు చేసి నిద్ర పాడుచేసుకుని, ఆ తర్వాత దాని గురించి చదువుకున్నవాణ్ణి.

సమస్య: మెలకువ వచ్చింది, ఒళ్లు మాత్రం కదలడం లేదు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది.

నాకు మొదటిసారి ఇది పగటిపూట వచ్చింది. నైట్ డ్యూటీ దిగి ఎనిమిదింటికి పడుకున్నాను. కాసేపటికి కళ్లు తెరుచుకున్నాయి. ఫ్యాన్ తిరగడం కనిపిస్తోంది, వంటింట్లో కుక్కర్ రెండో విజిల్ వేసింది, అదీ వినిపించింది. తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. అమ్మే అనుకున్నాను. ఆ నీడ మెల్లగా మంచం దాకా వచ్చి నా గుండెల మీద ఎక్కి కూర్చుంది. "అమ్మా" అని అరుస్తున్నాననుకున్నాను కానీ గొంతులోంచి ఏమీ రాలేదు. మూడో విజిల్‌కి ఒక్కసారిగా వదిలేసింది. దిండు చెమటతో తడిసిపోయింది.

"ఏటైంది నానా, అలాగున్నావు?" అంది అమ్మ. చెప్పాను. గాలేదో సోకిందంటూ సాయంత్రం ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసి, దిండు కింద చాకు పెట్టింది.

కారణం ఇది. రెమ్ నిద్రలో మెదడు ఒంటి కండరాలకు బ్రేకు వేస్తుంది, కలలో పరిగెత్తితే నిజంగా మంచం మీంచి దూకేయకుండా. కళ్లకీ, ఊపిరి తీయించే డయాఫ్రమ్‌కీ ఆ బ్రేకు ఉండదు. ఒక్కోసారి మెలకువ ముందొచ్చేస్తుంది, బ్రేకు తర్వాత వదులుతుంది. మధ్యలో కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాల దాకా ఇరుక్కుపోతాం. పక్కటెముకల మధ్య కండరాలు కూడా సడలిపోయి ఉంటాయి కాబట్టి గట్టిగా ఊపిరి పీలుద్దామంటే అందదు, గుండెల మీద బరువు అదే. కల ఇంకా పూర్తిగా ఆగదు, భయం పుట్టించే మెదడు భాగం చురుగ్గానే ఉంటుంది. ఆ రెండూ కలిసి గదిలోకి ఒక మనిషిని తెస్తాయి. దీన్ని నిద్ర పక్షవాతం అంటారు. పేరు భయపెడుతుంది కానీ అసలు పక్షవాతంతో దీనికి ఏ సంబంధమూ లేదు.

ఇది మన ఇళ్లలో దెయ్యం మాత్రమే కాదు. జపాన్‌లో దీన్ని కనషిబారి అంటారు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ముసలి మంత్రగత్తె వచ్చి కూర్చుందంటారు. ఇంగ్లీషు 'నైట్‌మేర్'లోని 'మేర్' కూడా ఒకప్పుడు గుండెల మీద కూర్చునే పిశాచమే.

అప్పటికప్పుడు ఏం చేయాలంటే, లేవాలని పెనుగులాడొద్దు. ఎంత పెనుగులాడితే భయం అంత పెరుగుతుంది. ఊపిరి నెమ్మదిగా వదలడం మీదే మనసు పెట్టి, కాలి బొటనవేలినో చేతి చిటికెన వేలినో కదిపే ప్రయత్నం చేయండి. ఒక్క వేలు కదిలితే చాలామందికి మిగతా ఒళ్లంతా వదులుతుంది. వదిలాక వెంటనే మళ్లీ అలాగే పడుకోకండి, ఇంకోసారి పట్టుకునే అవకాశం ఉంది. లేచి ముఖం కడుక్కుని, లైటు కింద రెండు నిమిషాలు కూర్చుని రండి.

మళ్లీ మళ్లీ వస్తుంటే రెండు విషయాలు చూసుకోండి. వెల్లకిలా పడుకుంటున్నారా? పక్కకి తిరిగి పడుకోండి. నిద్ర బాకీ పడ్డారా? అది తీర్చండి. తక్కువ నిద్ర, వేళాపాళా లేని నిద్రే దీనికి పెద్ద ఆహ్వానం. అమ్మ పెట్టిన చాకు పనిచేయలేదని నేను చెప్పను, ధైర్యం వచ్చింది. పక్కకి తిరిగి పడుకోవడం దానికంటే ఎక్కువ పనిచేసింది. దిండు కింద చాకు మాత్రం వద్దు, నిద్రలో కోసుకుంటారు.

దీంతోపాటు పగలు మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోతున్నా, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు వదులైపోతున్నా అది వేరే జబ్బు కావచ్చు. న్యూరాలజిస్టుకు చూపించాలి.

సమస్య: నైట్ డ్యూటీ దిగితే కళ్లు మండుతాయి, పడుకుంటే నిద్ర రాదు.

మే నెలలో విశాఖలో ఐదున్నరకల్లా సూర్యుడు పైకి వచ్చేస్తాడు. ఆరింటికి గేటు దాటి బయటికొచ్చేసరికి ముఖం మీద ఎండ. వెలుతురు కంట్లో పడగానే మెదడులోని గడియారం 'తెల్లారింది' అని రాసేసుకుంటుంది, నిద్రవేళ అని చెప్పే మెలటోనిన్ అణిగిపోతుంది. తెల్లవారుజామున బాగా పడిపోయిన ఒంటి వేడి అప్పటికే మళ్లీ పెరుగుతూ ఉంటుంది. మీరు నిద్రకు సిద్ధమవుతుంటే ఒళ్లు పనికి సిద్ధమవుతుంది.

డ్యూటీ మొదట్లో వెలుతురులో ఉండండి, చివరి గంటల్లో తగ్గించండి. కాఫీ, టీ సగం రాత్రి దాటాక ముట్టుకోవద్దు. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే ఐదారు గంటలు పడుతుంది. మూడింటికి తాగిన కాఫీ ఎనిమిదింటికి మీతోపాటే పక్క ఎక్కుతుంది. గదికి నల్ల కర్టెన్ వేయండి, లేకపోతే పాత దుప్పటి మేకులకు తగిలించండి. పరిచయస్తుల ఇంట్లో కిటికీకి అల్యూమినియం ఫాయిల్ అంటించారు, చూడ్డానికి దరిద్రంగా ఉంది కానీ చీకటి మాత్రం చిక్కగా ఉంది. డ్యూటీకి వెళ్లేముందు సాయంత్రం గంటన్నర పడుకోవడం ఇంకా మంచిది. కళ్లు మూతలు పడుతుంటే బండి నడపకండి. బస్సెక్కండి.

సమస్య: సోఫాలో కునుకు వస్తుంది, మంచం ఎక్కగానే ఎగిరిపోతుంది.

మంచం మీద ఫోను చూస్తాం, ఈఎంఐ లెక్కలేస్తాం, పొద్దున్న ఆఫీసులో జరిగిన గొడవ నెమరేస్తాం. కొన్నాళ్లకు మెదడు మంచాన్ని చూడగానే ఆ పనులకు సిద్ధమవుతుంది. అమెరికన్ మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్‌జిన్ 1972లో దీనికి చెప్పిన వైద్యం చాలా సాదాగా ఉంటుంది. నిద్ర ముంచుకొస్తేనే పక్క ఎక్కాలి. ఇరవై నిమిషాలు అయ్యిందనిపించినా నిద్ర పట్టకపోతే లేచి ఇంకో గదిలోకి వెళ్లి, తక్కువ వెలుతురులో బోరు కొట్టే పని ఏదైనా చేయాలి. నిద్ర వస్తే తిరిగి రావాలి. ఎన్నిసార్లయినా సరే. రాత్రి ఎంత పాడైనా పొద్దున్న లేచే టైము మార్చకూడదు. మొదటి వారం నరకంలా ఉంటుంది, ముందే చెబుతున్నాను.

పైన టైము చూడమన్నాను కదా, ఇక్కడ మాత్రం వద్దు. "రెండున్నర అయ్యింది, ఇంకా మూడు గంటలే" అనే లెక్కే టెన్షన్. గడియారాన్ని గోడవైపు తిప్పేయండి.

విశాఖలో ఇంకో చిక్కుంది. రాత్రయ్యేసరికి సముద్రపు గాలి పడిపోతుంది, ఉక్కపోత మొదలవుతుంది. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త తగ్గాలి, చెమట ఆరకపోతే అది తగ్గదు. పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేస్తే చర్మంలోకి రక్తం వచ్చి వేడి బయటికి పోతుంది. చన్నీళ్లకంటే ఇదే మేలు, వినడానికి వింతగా ఉన్నా.

వారానికి మూడు రాత్రులు చొప్పున మూడు నెలలుగా ఇలాగే ఉంటే మాత్రల షాపు ముందు ఆగకండి. దీర్ఘకాలిక నిద్రలేమికి ముందు వాడాల్సింది సీబీటీ-ఐ అనే మాటల చికిత్స అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. బూట్‌జిన్ పద్ధతి అందులో ఒక ముక్క.

సమస్య: అదే పీడకల మళ్లీ మళ్లీ.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజు విశాఖలో ఉన్నవాళ్లకు ఆ గాలి హోరు ఇప్పటికీ చెవిలో ఉంటుంది. మా వీధిలో ఒక పిన్నికి వంటగది రేకు ఎగిరిపోయే కల ఏళ్ల తరబడి వచ్చింది. పెద్ద భయం జరిగాక మెదడు దాన్ని కలలో తిరగేయడం మామూలే. కొందరిలో అది గీత పడ్డ సీడీలా ఒకే చోట ఆగిపోతుంది.

దీనికి మందు పగటిపూట ఉంది. కలను కాగితం మీద రాయండి. దాన్ని ఎక్కడో ఒక చోట మీకు నచ్చినట్టు మార్చండి. కొత్త కథను రోజూ పది ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించుకోండి. పాత కలను పదే పదే తలచుకోవద్దు. పిన్ని మార్చిన కథలో రేకు ఎగిరి వెళ్లి ఫిషింగ్ హార్బర్‌లో ఒక పడవకు తెరచాపై పోతుంది. ఆవిడ అది చెబుతూ నవ్వింది. కల పూర్తిగా పోలేదు, నెలకొకసారికి దిగింది. ఆ భయం వెనక పెద్ద దెబ్బ ఉంటే మాత్రం ఒంటరిగా చేయకండి, కౌన్సెలర్ పక్కనుండాలి.

మందు కొట్టి పడుకునేవాళ్లకు ఒక మాట. మద్యం మొదటి సగంలో రెమ్‌ను తొక్కేస్తుంది, అది రెండో సగంలో ఎగిసిపడుతుంది. మూడింటికి వచ్చే వికారపు కలలు చాలావరకు ఆ బాపతే.

సమస్య: పిల్లాడు పడుకున్న గంటకే లేచి అరుస్తాడు, మనల్ని గుర్తుపట్టడు.

టైము చూశారా? రాత్రి మొదట్లోనే కాబట్టి ఇది కల కాదు, గాఢనిద్రలోంచి సగం లేవడం. కుదిపి లేపకండి, పడిపోకుండా చూసుకోండి, కాసేపటికి తానే పడుకుంటాడు. పొద్దున్న ఏమీ గుర్తుండదు, మీరూ అడగకండి. రోజూ ఒకే టైముకి వస్తుంటే దానికి పావుగంట ముందు మెల్లగా కదిపి మళ్లీ పడుకోబెట్టండి. చాలామంది పిల్లల్లో వయసుతోపాటు అదే పోతుంది.

నిద్ర పట్టబోతుండగా మెట్టు తప్పినట్టు ఉలిక్కిపడటానికి ఏ చికిత్సా అక్కర్లేదు.

సమస్య: ఒళ్లు తేలిపోతున్నట్టు, పైనుంచి నన్ను నేనే చూస్తున్నట్టు ఉంది.

ధ్యానంలో కూర్చున్నప్పుడు, మగతలో, నిద్ర పక్షవాతం మధ్యలో ఇది వస్తుంది. 'నేను ఇక్కడున్నాను' అనే భావన కన్ను, చెవి, కండరాలు పంపే సమాచారాన్ని కలిపి మెదడు కట్టేది. 2002లో జెనీవాలో ఓలాఫ్ బ్లాంకే బృందం ఒక మూర్ఛ రోగి మెదడు కుడివైపు ఒక చోట కరెంటు ఇస్తే, ఆమె తనను తాను పైనుంచి చూస్తున్నట్టు చెప్పింది. మన ఆంధ్ర యూనివర్సిటీలో ప్రొఫెసర్ కె. రామకృష్ణారావు 1960ల్లోనే ఇలాంటి అతీంద్రియ అనుభవాలను పరిశోధించే పారాసైకాలజీకి ఒక విభాగం పెట్టారు. అతీంద్రియ శక్తులు ఉన్నాయన్న వాదన నాకు రుజువైనట్టు అనిపించదు. ఆ అనుభవం కలిగినవాళ్లు అబద్ధం చెబుతున్నారని కూడా అనిపించదు.

వస్తే కళ్లు తెరిచి, పాదాలు చల్లటి నేల మీద ఆనించి, కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. పగలు, పూర్తి మెలకువలో కూడా ఇలా ఉంటున్నా, ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తున్నా ధ్యానం ఆపి సైకియాట్రిస్టును కలవండి.

వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవి

యాభై దాటిన మనిషి తెల్లవారుజామున కలలో తన్నడం, గుద్దడం, పక్కనున్నవాళ్లను కొట్టడం మొదలుపెడితే నవ్వి ఊరుకోవద్దు. రెమ్ బ్రేకు పనిచేయడం లేదని అర్థం కావచ్చు, కొందరిలో ఇది పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బుకు ఏళ్ల ముందే కనిపించే గుర్తు. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై లేస్తుంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు, పరీక్ష చేయించాలి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే తెల్లారేదాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

వెళ్లేటప్పుడు రెండు వారాల కాగితం ఒకటి పట్టుకెళ్లండి. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, ఏం జరిగింది, అది ఎన్నింటికి జరిగింది. నిద్ర పట్టక బాధపడేవాళ్లు పొద్దున లేచాక ఉజ్జాయింపుగా రాస్తే చాలు. అరిచేది, తన్నేది మీరైతే ఆ టైము పక్కన పడుకునేవాళ్లు రాయాలి.