ఇంటి పాటకు గిటార్ – ఆరవ పాఠం: కదలని రెండు వేళ్లు

ఐదవ పాఠంలో తీగలను శ్రుతి చేసుకోవడం, కుడిచేతి బొటనవేలిని లెక్క తప్పకుండా నడపడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో ఎడమచేయి ఒక కార్డు (కలిపి మోగించే కొన్ని స్వరాల పట్టు) నుంచి మరొక కార్డుకు మారే పని చేపడుతున్నాము. నాకు తెలిసి గిటార్ మొదలుపెట్టి మానేసినవారిలో ఎక్కువమంది ఆగిపోయింది ఇక్కడే. ఒక్కొక్క కార్డు విడిగా బాగానే మోగుతుంది, కానీ రెండింటి మధ్య చేయి గాలిలో వెతుక్కుంటూ ఉండగానే పాట ముందుకు వెళ్లిపోతుంది. నేనూ రెండుసార్లు అక్కడే ఆగి, గిటార్‌ను బీరువా పైకి ఎక్కించినవాణ్ణే. మూడోసారి దాన్ని కిందికి దించింది నలభై ఒకటో ఏట. ఈసారి ఆగకపోవడానికి నా వేళ్లు మెరుగుపడటం కంటే నా లక్ష్యం చిన్నది కావడమే పెద్ద కారణం కాబట్టి, ముందు ఆ సంగతి చెప్పి తరువాత వేళ్ల దగ్గరికి వస్తాను.

మూడోసారి మొదలుపెట్టిన రోజు నోటుపుస్తకం మొదటి పేజీలో ఆరు లక్ష్యాలు రాసుకున్నాను. ఒకే వేలిని తీగలన్నిటికీ అడ్డంగా నొక్కి పట్టే బారె కార్డులన్నీ రావాలి, స్వరలిపి చూసి వాయించగలగాలి, ఒక వేదిక మీద కూర్చోవాలి, ఇలా సాగింది ఆ జాబితా. వారం తరువాత చదివితే, వాటిలో ఏది ఎప్పటికి పూర్తవుతుందో, పూర్తయిందని ఎవరు చెప్పాలో నాకే తెలియలేదు. ఐదింటిని కొట్టివేసి ఒక్కటి ఉంచుకున్నాను: శ్రావణ శుక్రవారం పూజ చివర మా అమ్మ మోహన రాగంలో పాడే మంగళహారతికి పక్కన కూర్చుని గిటార్ వాయించాలి. ఆ రోజుకు శ్రావణం ఇంకా పది వారాల దూరంలో ఉంది. ఎవరి పాట, ఏ పాట, ఏ రోజు అన్న మూడు విషయాలూ ఒకే వాక్యంలో ఇమిడిపోవడంతో, రాత్రి పిల్లలు పడుకున్నాక దొరికే ఇరవై నిమిషాల్లో ఏం సాధన చేయాలన్న సందేహం ఆనాటితో తీరిపోయింది. ఈ పాఠం చదువుతున్నవారు కూడా గిటార్ తీసే ముందు అలాంటి వాక్యం ఒకటి రాసుకోవాలని కోరుతున్నాను. ఇంట్లో పాడేవారు లేకపోతే మీరు కూనిరాగం తీసే పాటనే పెట్టుకోండి, కానీ తేదీ మాత్రం తప్పనిసరిగా వేయండి.

తంబురా కార్డు

తీగల లెక్కను ఒకసారి గుర్తుచేస్తాను. అన్నిటికంటే సన్నని తీగ మొదటిది, అన్నిటికంటే లావుపాటిది ఆరవది. వీణకు మెట్లు ఉన్నట్టే గిటార్‌కు ఫ్రెట్లు ఉంటాయి. వేలిని ఫ్రెట్ కమ్మీ మీద కాకుండా దానికి సరిగ్గా వెనుక, తగిలీ తగలనంత దగ్గరగా ఉంచాలి. కమ్మీకి దూరంగా నొక్కితే రెట్టింపు బలం పెట్టినా తీగ జీరగానే పలుకుతుంది.

ఉంగరపు వేలిని రెండవ తీగ మూడవ ఫ్రెట్‌లో, చిటికెన వేలిని మొదటి తీగ మూడవ ఫ్రెట్‌లో ఉంచండి. ఈ పాఠం పూర్తయ్యే వరకూ ఈ రెండు వేళ్లూ అక్కడి నుంచి కదలవు. ఇప్పుడు మధ్యవేలిని ఆరవ తీగ మూడవ ఫ్రెట్‌లో నొక్కండి. చూపుడు వేలిని ఐదవ తీగ రెండవ ఫ్రెట్ దగ్గర నొక్కకుండా కేవలం ఆనించండి, అప్పుడు ఆ తీగ మూగబోతుంది. నాలుగు, మూడు తీగలను ఖాళీగా వదిలేయండి. బొటనవేలు గిటార్ మెడ వెనుక మధ్యవేలికి ఎదురుగా ఉంటే అరచేయి మెడకు అంటుకోకుండా వేళ్లకు చోటు దొరుకుతుంది.

ఆరవ తీగ నుంచి మొదటి తీగ వరకు ఒక్కొక్కటే మీటి వినండి. వరుసగా జి, డి, జి, డి, జి మోగుతాయి. జి స్వరాన్ని షడ్జంగా తీసుకుంటే ఇవి స, ప, స, ప, స. తంబురా నాలుగు తీగల్లో మోగేదీ ఒక పంచమం, మూడు షడ్జాలే కదా. అందుకే మా ఇంట్లో దీన్ని తంబురా కార్డు అని పిలుచుకుంటాము. పాశ్చాత్య పద్ధతిలో జి మేజర్ అనే కార్డుకు ఇది గాంధారం తీసివేసిన రూపం. చూపుడు వేలు ఐదవ తీగను నొక్కితే బి స్వరం, అంటే అంతర గాంధారం పలికి అది పూర్తి జి మేజర్ అవుతుంది.

ఆ గాంధారాన్ని ఎందుకు తీసివేశామో తెలుసుకోవాలి. గిటార్ ఫ్రెట్లు ఒక స్థాయిని, అంటే స నుంచి పై స వరకు ఉన్న దూరాన్ని, పన్నెండు సమభాగాలుగా పంచుతాయి. అర స్వరానికి వంద సెంట్ల చొప్పున లెక్కిస్తే గిటార్ గాంధారం షడ్జానికి 400 సెంట్ల ఎత్తున ఉంటుంది. తంబురాతో కలిసి నిలిచే సహజ గాంధారం సుమారు 386 సెంట్ల దగ్గర ఉంటుంది. ఆ 14 సెంట్ల తేడా కాగితం మీద చిన్నదే. కానీ తంబురాకు అలవాటైన గొంతు గాంధారం మీద నిలిచినప్పుడు గిటార్ అదే స్వరాన్ని కొంచెం ఎక్కువగా పలికితే రెండింటి మధ్య ఒక అదురు వినిపిస్తుంది. పంచమంలో ఈ తేడా 2 సెంట్లే కాబట్టి స, ప లతో ఏ ఇబ్బందీ రాదు. గాంధారాన్ని పూర్తిగా పాడేవారి గొంతుకే వదిలివేయడం పక్కన వాయించేవారి మర్యాద అని నేను నమ్ముతాను.

మొదటి మూడు రోజులు ఈ ఒక్క కార్డే వాయించండి. చిటికెన వేలు వణుకుతుంది, నాకు కూడా వణికింది. ఐదు నిమిషాలు పట్టి, చేయి దించి, విదిలించి, మళ్లీ పట్టండి. వేలి కొన మండితే ఫరవాలేదు, రెండు మూడు వారాల్లో చర్మం గట్టిపడుతుంది. మణికట్టు నొప్పి పెడితే మాత్రం వెంటనే ఆపాలి. ఎంత నొక్కినా తీగ దిగనట్టు అనిపిస్తే మీ చేతిని అనుమానించే ముందు వాయిద్యాన్ని కొలవండి. నేను ఒక దుకాణంలో కొన్న మొదటి గిటార్‌లో పన్నెండవ ఫ్రెట్ దగ్గర ఆరవ తీగ నాలుగు మిల్లీమీటర్లకు పైగా ఎత్తులో ఉండేది, అది రెండున్నర దగ్గర ఉంటే హాయిగా నొక్కవచ్చు. ఆ సంగతి తెలియక, నా వేళ్లే బలహీనమైనవని ఒక ఏడాదిపాటు బాధపడ్డాను. గిటార్ ఒంటి మీద తీగలు బిగించే బ్రిడ్జి మీది తెల్లని పట్టీని అడుగున అరగదీయించుకుంటే ఎత్తు తగ్గుతుంది. అక్కడ ఒక మిల్లీమీటరు తీస్తే పన్నెండవ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు తగ్గుతుందని లెక్కపెట్టుకుని, మరమ్మతు తెలిసినవారి చేతనే చేయించండి.

రెండు మార్పులు

మొదటి మార్పు ఇ మైనర్ సెవెన్ అనే కార్డుకు. ఉంగరపు వేలు, చిటికెన వేలు ఉన్నచోటనే ఉంటాయి. ఐదవ తీగ మీద ఆనించి ఉన్న చూపుడు వేలు అక్కడే గట్టిగా నొక్కుతుంది. మధ్యవేలు ఒక్కటే ఆరవ తీగను వదిలి నాలుగవ తీగ రెండవ ఫ్రెట్‌కు వస్తుంది. ఆరవ తీగ ఖాళీగా మోగాలి. అంటే ఇంత పెద్ద మార్పులో నిజంగా ప్రయాణం చేసేది ఒక్క వేలు మాత్రమే. ఆ సంగతి మనసుకు పట్టేవరకు కుడిచేతిని ఊరుకోనిచ్చి, ఎడమచేతిని మాత్రమే చూస్తూ మధ్యవేలిని అటూ ఇటూ నడిపించండి.

రెండవ మార్పు డి సస్ ఫోర్ అనే కార్డుకు. చూపుడు వేలు ఐదవ తీగ నుంచి మూడవ తీగ రెండవ ఫ్రెట్‌కు దిగుతుంది, మధ్యవేలు పూర్తిగా పైకి లేస్తుంది, మిగిలిన రెండు వేళ్లూ యథాస్థానంలో ఉంటాయి. ఇందులో నాలుగవ తీగ నుంచి కిందికి మాత్రమే మీటాలి, ఆరు, ఐదు తీగలను తాకకూడదు. అక్కడి నుంచి తంబురా కార్డుకు తిరిగి రావడంలోనే అసలు కష్టం ఉంది, ఎందుకంటే మధ్యవేలు గాలిలో నుంచి నేరుగా ఆరవ తీగ మీద వాలాలి. దాన్ని ఎత్తేటప్పుడే తీగలకు ఒక వేలు మందం కంటే పైకి పోనివ్వకుండా చూసుకుంటే దిగడం సులభమవుతుంది.

గడియారం పెట్టుకుని తంబురా కార్డు నుంచి ఇ మైనర్ సెవెన్‌కు ఒక నిమిషంలో ఎన్నిసార్లు మారగలరో లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాయండి. ఏ తీగా మూగబోకుండా మోగిన మార్పునే లెక్కలోకి తీసుకోవాలి. నాకు మొదటి రాత్రి పదకొండు వచ్చాయి, మూడు వారాలకు ముప్పైనాలుగుకు చేరాను. మధ్యలో ఒక వారం ఆఫీసులో సంవత్సరాంతపు లెక్కలు పడి రాత్రి పదకొండుకు ఇల్లు చేరిన రోజుల్లో ఆ అంకె ఇరవై దగ్గరే కదలకుండా కూర్చుంది. ఆ పేజీలను ఇప్పుడు తిరగేస్తే చేతి కంటే ఆ రోజుల అలసటే ఎక్కువగా కనిపిస్తుంది. అంకె పెరగని రోజున కూడా దాన్ని రాయండి, ఎందుకంటే రాయని రోజు మరుసటి రోజు గిటార్ తీయకపోవడానికి దారి తీస్తుందని నా అనుభవం.

మధ్యమం ఎక్కడిది?

ఈ మూడు కార్డులే ఎందుకు, పుస్తకాల్లో వీటి పక్కనే కనిపించే సి యాడ్ నైన్ ఎందుకు వద్దన్నది చెప్పాలంటే ఒక సాయంత్రం జరిగిన సంగతి చెప్పాలి. అదే రెండు వేళ్లను కదల్చకుండా సి యాడ్ నైన్ కూడా పట్టవచ్చు, వినడానికి చాలా తీపిగా ఉంటుంది. నేను దాన్ని హారతి రెండవ పంక్తిలో పెట్టి, గర్వంగానే అమ్మకు వినిపించాను. ఆవిడ దీపపు కుందె తుడుస్తూ వింటున్నది తుడవడం ఆపి, "ఇంకోసారి వాయించు నాన్నా" అన్నారు. వాయించాను. "ఆ మూడోసారి మార్చినప్పుడు మధ్యమం మోగుతోందిరా. మోహనంలో మధ్యమం ఎక్కడిది?" అన్నారు.

అమ్మకు కార్డు పేర్లు తెలియవు, చిన్నప్పుడు నేర్చుకున్న గీతాలు మాత్రమే తెలుసు. నేను నోటుపుస్తకంలో వేసుకుని చూస్తే ఆవిడ మాట అక్షరాలా నిజం. మోహనంలో ఉండేవి షడ్జం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం. జి షడ్జమైతే అవి జి, ఎ, బి, డి, ఇ అవుతాయి. సి స్వరం శుద్ధ మధ్యమం, అది ఈ రాగంలో లేదు. మామూలు డి మేజర్ కార్డులో వచ్చే ఎఫ్ షార్ప్ కాకలి నిషాదం, అదీ లేదు. మన మూడు కార్డులను ఇదే గీటురాయి మీద పెట్టి చూడండి. తంబురా కార్డులో స, ప మాత్రమే ఉన్నాయి. ఇ మైనర్ సెవెన్‌లో ఇ, జి, బి, డి, అంటే ధ, స, గ, ప ఉన్నాయి. డి సస్ ఫోర్‌లో డి, ఎ, జి, అంటే ప, రి, స ఉన్నాయి. రాగంలో లేని స్వరం ఒక్కటి కూడా వీటిలో లేదు. కదలని రెండు వేళ్ల కింద షడ్జ పంచమాలు ఎప్పుడూ మోగుతూనే ఉంటాయి కాబట్టి కార్డు ఏది మారినా తంబురా ఆగదు.

ఇ మైనర్ సెవెన్‌లో మాత్రం ఆ గాంధారం ఉన్నదని గమనించండి. పాట ధైవతం చుట్టూ తిరిగే చోట దాన్ని వాడండి, గాంధారం మీద గొంతు నిలిచే చోట తంబురా కార్డుకు వచ్చేయండి. మోహనంలోని గమకాలను, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికే తీరును, ఈ కార్డులతో పలికించాలని ప్రయత్నించవద్దు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్ మీద గమకాన్ని పలికించడానికి జంట తీగల స్థానంలో ఒంటి తీగలు వేసి, ఐదవ తీగ చేర్చి, వాయిద్యాన్నే మార్చుకున్నారు. ఆ పని ఒక జీవితకాలపు సాధన. మన పని గమకానికి కింద నేలలా నిలవడం.

కేపో, తాళం

మా అమ్మది ఐదున్నర శ్రుతి. ఐదు శ్రుతి అంటే జి, ఐదున్నర అంటే జి షార్ప్. కాబట్టి మొదటి ఫ్రెట్ మీద కేపో, అంటే తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే బిగింపు, బిగించి, అక్కడి నుంచి ఫ్రెట్లను లెక్కపెడుతూ ఇవే ఆకారాలు పట్టుకుంటే శ్రుతి సరిపోతుంది. ఆరు శ్రుతిలో పాడేవారికి రెండవ ఫ్రెట్ మీద పెట్టాలి. కేపోను కూడా వేలిలాగే కమ్మీకి దగ్గరగా, తిన్నగా బిగించాలి. బిగించాక తీగలు కొద్దిగా పైకి పోతాయి కాబట్టి ట్యూనర్‌తో మరోసారి సరిచూసుకోవడం మరచిపోవద్దు. పాడేవారి శ్రుతి తెలియకపోతే శ్రుతిపెట్టెనో, ఫోన్‌లోని తంబురానో పెట్టి వారు హాయిగా పాడే చోటును ముందు కనుక్కోండి. గిటార్‌కు అనుకూలమని వారిని శ్రుతి మార్చుకోమని మాత్రం అడగకండి.

తాళం ఆది తాళం, ఎనిమిది అక్షరాలు. లయను టిక్కుటిక్కుమని లెక్కపెట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి అరవైలో పెట్టి, అక్షరానికి ఒక్కసారి బొటనవేలితో పైనుంచి కిందికి మీటండి. లఘువు నాలుగు అక్షరాలూ తంబురా కార్డు, మొదటి ద్రుతం రెండు అక్షరాలకూ ఇ మైనర్ సెవెన్, రెండవ ద్రుతానికి డి సస్ ఫోర్, మళ్లీ సమం (తాళం మొదటి అక్షరం) మీద తంబురా కార్డు. సమానికి మధ్యవేలు అందకపోతే ఆ ఒక్క మీటు వదిలేయండి, కానీ తాళాన్ని ఆపవద్దు. ఇంట్లో ఎవరైనా చేత్తో తాళం వేస్తే మెట్రోనోమ్ కంటే మేలు, ఎందుకంటే ద్రుతంలో చేయి తిరగేయడం కంటికి కనిపించి, కార్డు మారాల్సిన క్షణం ముందే తెలుస్తుంది.

ఈ వారం సాధన ఇది: మొదటి మూడు రోజులు తంబురా కార్డు, తరువాతి రెండు రోజులు ఒక్కొక్క నిమిషపు మార్పులు, చివరి రెండు రోజులు ఆది తాళంలో పది ఆవర్తనాలు, పాట లేకుండా. ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో పాడేవారికి ఈ ఆకారాలతో కేపోను ఐదవ ఫ్రెట్ మీదో, అంతకు పైనో బిగించవలసి వచ్చి చేతికి ఇరుకు అవుతుంది కాబట్టి, వారి కోసం ఏడవ పాఠంలో సి స్వరాన్ని షడ్జంగా ఉంచుకుని ఇదే పద్ధతిలో మరో మూడు ఆకారాలు నేర్చుకుందాము.