డెల్టా ఊళ్లలో మందుల షాపు నడిపే ఫార్మసిస్టుకు టీకాల పని

మన దేశంలో పిల్లల టీకాలలో అధికభాగం ప్రభుత్వమే ఉచితంగా వేయిస్తుంది. అవి ఆరోగ్య కేంద్రం నుంచి చలువ పెట్టెలో ఏఎన్ఎం చేతికి, అక్కడి నుంచి బిడ్డకు చేరతాయి. అయినా కుక్కకాటు టీకా కోసమో, పెద్దలకు వేసే హెపటైటిస్ బి, టైఫాయిడ్, ఫ్లూ, చికెన్‌పాక్స్ టీకాల కోసమో డాక్టరు రాసిన చీటీ పట్టుకొని అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం వంటి చోట్ల మందుల షాపుకు వచ్చేవారు నిత్యం కనిపిస్తారు. అమెరికాలో ఫార్మసిస్టు స్వయంగా సూది వేస్తాడు. మన దగ్గర అది డాక్టరు, నర్సు, ఏఎన్ఎంల పని కాబట్టి కౌంటరు వెనుక ఎవరికీ సూది వేయకూడదు, ఎంత తెలిసినవారు బతిమాలినా సరే. కానీ టీకాను సరిగా దాచడం, అడగవలసినది అడగడం, ఇంటికి వెళ్లాక ఏం జరగవచ్చో చెప్పడం ఫార్మసిస్టు చేతిలోనే ఉన్నాయి.

టీకా ఏ రకమో తెలిస్తేనే అది ఎవరికి పనికిరాదో తెలుస్తుంది. బీసీజీ, తట్టు-రుబెల్లా, చికెన్‌పాక్స్ టీకాలు, పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు బలహీనపరిచిన సజీవ క్రిములతో చేసినవి. అందుకే ఇటువంటివాటిని గర్భిణులకు, కీమోథెరపీ తీసుకుంటున్నవారికి, ఎక్కువ మోతాదులో వారాల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారికి సాధారణంగా ఇవ్వరు. కుక్కకాటు టీకాలోను, సూదిగా ఇచ్చే పోలియో టీకాలోను ఉండేది చంపిన వైరస్. ధనుర్వాతం టీకాలో క్రిమి అసలే ఉండదు. క్రిమి వదిలే విషాన్ని నిర్వీర్యం చేసి ఇస్తారు. హెపటైటిస్ బి టీకాలో వైరస్ పైపొరలోని ప్రోటీను మాత్రమే ఉంటుంది. హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దానిని దేశీయంగా తయారుచేసి మార్కెట్లోకి తెచ్చాక ధర బాగా దిగివచ్చింది. టైఫాయిడ్, న్యూమోకోకల్ కాంజుగేట్ టీకాల్లో క్రిమి పైనుండే చక్కెర పొరను ఒక ప్రోటీనుకు జోడిస్తారు. ఆ జోడింపు వల్లనే అవి రెండేళ్లలోపు పిల్లలలో కూడా పనిచేస్తాయి.

ఇక దాచడం సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతపు అలవాటే ఇక్కడ అడ్డువస్తుంది. రొయ్యలు పట్టిన రోజున చెరువు గట్టు మీదే ఐసు దట్టంగా పోసి పెట్టెలు కట్టే ఊళ్లు ఇవి; ఎంత ఐసు పోస్తే సరుకు అంత భద్రమని అందరికీ అనుభవం. టీకా విషయంలో ఆ లెక్క తిరగబడుతుంది. దాదాపు అన్ని టీకాలనూ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి, ఎండ తగిలినా పాడవుతాయి, సున్నా కంటే దిగువకు వెళ్లినా కొన్ని పూర్తిగా పాడవుతాయి. హెపటైటిస్ బి, పెంటావాలెంట్ (పిల్లలకు అయిదు జబ్బులకు కలిపి వేసేది), ధనుర్వాతం టీకాలలో అసలు మందు అల్యూమినియం లవణపు రేణువులను అంటిపెట్టుకొని ఉంటుంది. ఒకసారి గడ్డకట్టి కరిగితే ఆ రేణువులు ముద్దలు కట్టి, మందు శక్తి పోతుంది. బయటికి సీసా మామూలుగానే కనిపించవచ్చు కాబట్టి వేయించుకున్నవారికి తాము రక్షణ లేకుండా ఉన్నామని కూడా తెలియదు. కుక్కకాటు టీకా పొడి రూపంలో వస్తుంది గానీ, దానితో వచ్చే కలిపే ద్రవం గడ్డకడితే గాజు పగిలే ప్రమాదం ఉంది.

కనుక టీకాను ఐసు ముక్కల మధ్య పెట్టి ఇవ్వకండి. ఫ్రీజరులోంచి తీసిన ఐస్ ప్యాక్‌ను బయట ఉంచి, పైన చెమటపట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చేదాకా ఆగండి. టీకా పెట్టెకు ఒక అట్టముక్కో మందపాటి కాగితమో చుట్టి, ప్యాక్ నేరుగా తగలకుండా థర్మాకోల్ పెట్టెలో పెట్టి మూత బిగించండి. రేవు దాటి లంక గ్రామానికి వెళ్లవలసినవారైతే ఇచ్చేముందే ‘ఎప్పుడు వేయించుకుంటారండీ, డాక్టరుగారు ఉన్నారా?’ అని అడగండి. రెండు రోజుల తరువాతనంటే టీకాను మీ ఫ్రిజ్‌లోనే ఉంచి, వేయించుకునే రోజు ఉదయం వచ్చి తీసుకెళ్లమనడం మంచిది.

షాపు ఫ్రిజ్‌లో టీకాలను మధ్య అరలోనే పెట్టాలి. తలుపు అరలో గానీ, ఫ్రీజరు గోడకు ఆనించి గానీ ఉంచకూడదు. కూల్‌డ్రింకులకు, పెరుగు డబ్బాలకు అందులో చోటు లేదు. లోపల థర్మామీటరు ఉంచి ఉదయం, సాయంత్రం రెండుపూటలా రాసుకోవాలి. ఖాళీ అరల్లో నీళ్ల సీసాలు పెడితే కరెంటు పోయినా చల్లదనం కొంతసేపు నిలుస్తుంది, తలుపు తీయకుండా ఉంటే మరికొంత. తుఫాను హెచ్చరిక రాగానే, రోడ్లు మునగకముందే, స్టాకును జనరేటరు ఉన్న చోటికి చేర్చే ఏర్పాటు చేసుకోండి.

కుక్క కరిచినవారు వస్తే టీకా అమ్మడం కంటే ముందు చేయవలసినది వేరే ఉంది. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగమనండి. కారం, సున్నం, పసరు ఏదీ పెట్టవద్దని గట్టిగా చెప్పండి. చర్మం తెగి రక్తం వచ్చి ఉంటే టీకాతోపాటు గాయంలోకే ఇమ్యూనోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే, సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల మందు) ఇవ్వాలి, కాబట్టి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పంపండి. అక్కడ టీకా ఉచితమని కూడా చెప్పండి, ఆ అమ్మకం పోతే పోనివ్వండి. కండకు వేసే పద్ధతిలో, మొదటి డోసు పడిన రోజును 0గా లెక్కిస్తే, 0, 3, 7, 14, 28 రోజులకు డోసులు పడాలి. మూడో సూదితో నొప్పి తగ్గిందని ఆపేసేవారు ఉంటారు గనుక తేదీలు చీటీ మీద రాసి ఇవ్వండి. గర్భిణి అయినా, చంటిబిడ్డ అయినా ఈ టీకా ఆపకూడదు.

ముల్లు గుచ్చుకున్న ప్రతిసారీ ‘టీటీ సూది’ అడగడం ఇంకొక అలవాటు. చిన్నప్పటి డోసులు పూర్తయినవారికి శుభ్రమైన చిన్న గాయానికి పదేళ్లలో ఒకసారి, చెరువు బురద, పేడ అంటిన గాయానికి అయిదేళ్లు దాటితే మళ్లీ వేస్తారు. ‘పోయినసారి ఎప్పుడు?’ అన్న ఒక్క ప్రశ్న చాలా సూదులను తప్పిస్తుంది.

భయాల విషయంలో తల్లులను కసురుకోకండి. వాళ్లు చూసినదే చెబుతారు. బీసీజీ వేసిన చోట కొన్ని వారాల తరువాత చిన్న పొక్కు లేచి, చితికి, మచ్చ పడడం మామూలే. దానికి పూత మందు అమ్మకూడదు. పెంటావాలెంట్ తరువాత జ్వరం, కాలు వాపు ఒకటి రెండు రోజులు ఉండవచ్చు; బిడ్డ బరువును బట్టి డాక్టరు చెప్పిన పారాసిటమాల్ చాలు. కొద్దిపాటి జలుబుకు టీకా వాయిదా వేయనక్కరలేదు. తట్టు టీకాతో ఆటిజం వస్తుందన్న మాటకు మూలమైన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకుందని అడిగినవారికి చెప్పండి. తీవ్రమైన అలెర్జీ చాలా అరుదు, కానీ ఉంది. అందుకే సూది వేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోమనాలి, ఇంతకుముందు ఏ టీకాకైనా ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చాయేమో ముందే అడగాలి.

బిల్లు మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ తప్పక రాయండి. టీకా తరువాత ఎవరికైనా అనుకోని బాధ కలిగితే ముందు ఆసుపత్రికి పంపి, ఆ బ్యాచ్ నంబరుతో సహా వైద్యాధికారికి తెలియజేయండి. మందుల దుష్ప్రభావాలపై నిఘా పెట్టే భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమపు ఉచిత ఫోను నంబరు 1800-180-3024కు కూడా చెప్పవచ్చు. టీకా వల్లనే అని తేలేదాకా ఆగనక్కరలేదు; అనుమానం ఉన్నా చాలు.